తలనొప్పి: ఏది మామూలుది, ఏది ప్రమాదకరమైనది?

తలనొప్పి ఎరుగని మనిషి ఉండరు. పరీక్షలకు చదివే పిల్లవాడి నుండి మిరప చేలో మందు కొట్టే రైతు వరకు, పొయ్యి దగ్గర నిలబడే ఇల్లాలి నుండి కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగి వరకు ఏదో ఒక రోజు తల పట్టుకుని కూర్చోనివారు లేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచ జనాభాలో దాదాపు 40 శాతం మంది, అంటే సుమారు 310 కోట్ల మంది ఏదో ఒక రకం తలనొప్పి జబ్బుతో బాధపడ్డారు.

మా ఓ.పి.లో తలనొప్పితో వచ్చేవారు రెండు రకాలుగా ఉంటారు. "తలనొప్పే కదా సిస్టర్, ఒక మాత్ర ఇస్తే పోతుంది" అనేవారు కొందరు. "నా తలలో గడ్డ ఉందేమో, స్కాన్ తీయించండి" అని భయపడేవారు మరికొందరు. ఇద్దరికీ మేము చెప్పేది ఒకటే. ముందుగా ఆ నొప్పి ఏ రకమో తెలుసుకోవాలి. తలనొప్పుల్లో ఎక్కువ భాగం ప్రాణానికి ముప్పు తెచ్చేవి కావు. కాని కొన్ని మాత్రం గంటల్లో ప్రాణం మీదికి తెస్తాయి. ఆ కొన్నింటిని ఇంట్లోవారు గుర్తు పట్టగలిగితే ఒక మనిషిని కాపాడినట్లే.

తల ఎందుకు నొస్తుంది?

వినడానికి వింతగా ఉంటుంది గాని మెదడుకు నొప్పి తెలియదు. కొన్ని ఆపరేషన్లలో రోగి మెలకువగా ఉండి మాట్లాడుతుండగానే వైద్యులు మెదడుకు శస్త్రచికిత్స చేయగలరు. నొప్పి తెలిసేది మెదడు చుట్టూ ఉన్న పొరలకు, రక్తనాళాలకు, తల, మెడ కండరాలకు, ముఖానికి వెళ్ళే నరాలకు. కళ్ళు, చెవులు, పళ్ళు, ముక్కు పక్కనున్న గాలి గదులు, వీటిలో ఏ బాధ కలిగినా అది తలనొప్పిగానే తెలియవచ్చు.

ప్రపంచమంతటా వైద్యులు అంతర్జాతీయ తలనొప్పి సంఘం తయారు చేసిన పట్టికను అనుసరిస్తారు. అది మొదట 1988లో వచ్చింది. మూడవ కూర్పు 2018లో వెలువడింది. అందులో పెద్ద విభజన రెండు భాగాలు. మొదటిది, తలనొప్పే జబ్బు. వేరే కారణం ఉండదు. టెన్షన్ తలనొప్పి, మైగ్రేన్, క్లస్టర్ తలనొప్పి ఇందులోకి వస్తాయి. రెండవది, వేరే జబ్బుకు గుర్తుగా వచ్చే తలనొప్పి. జ్వరం, తలకు దెబ్బ, మెదడు పొరల వాపు, మెదడులో రక్తస్రావం వంటివి దీని కిందికి వస్తాయి. మీ తలనొప్పి ఈ రెంటిలో ఏ భాగానికి చెందుతుందన్నదే అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న.

1. టెన్షన్ తలనొప్పి

అందరిలోనూ ఎక్కువగా కనిపించేది ఇదే. నుదుటి చుట్టూ గట్టిగా తలగుడ్డ చుట్టినట్లు, నెత్తిన బరువు పెట్టినట్లు ఉంటుంది. రెండు వైపులా నొస్తుంది. మెడ, భుజాలు పట్టేసినట్లుంటాయి. నొప్పి ఓ మోస్తరుగా ఉంటుంది, భరించలేనంత ఉండదు. అరగంట నుండి ఏడు రోజుల వరకు ఉండవచ్చు. వాంతులు కావు. నడిచినా, మెట్లు ఎక్కినా నొప్పి పెరగదు. తల నొస్తున్నా పని చేసుకోగలుగుతారు. ఈ చివరి గుర్తు బాగా జ్ఞాపకం పెట్టుకోండి.

నిద్ర లేకపోవడం, ఒకే భంగిమలో గంటల తరబడి కూర్చోవడం, మెడ వంచి సెల్‌ఫోన్ చూడడం, అప్పులు, పిల్లల పెళ్ళిళ్ళు, ఇంట్లో గొడవలు, ఇవన్నీ దీనికి దోహదం చేస్తాయి. "టెన్షన్" అనగానే మనసు జబ్బు అని కొందరు చిన్నబుచ్చుకుంటారు. అలా అనుకోనక్కరలేదు. కండరాలు బిగిసిపోవడం, నొప్పిని తెలిపే నరాలు సున్నితం కావడం నిజంగా శరీరంలో జరిగేవే.

కాసేపు పడుకోవడం, మెడకు వేడి నీళ్ళ కాపడం, మెల్లగా మర్దన, నీళ్ళు తాగడం, వీటితో చాలామందికి తగ్గుతుంది. అవసరమైతే పారాసిటమాల్ వేసుకోవచ్చు. నుదుటికి బామ్ రాసుకోవడం మనకు అలవాటు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన నాటి నుండి అది తెలుగు ఇళ్ళలో ఉంది. బామ్ వల్ల నష్టం లేదు. చల్లదనం, మర్దన కలిసి ఉపశమనం ఇస్తాయి. కళ్ళలో పడకుండా చూసుకోండి, పసిపిల్లలకు రాయకండి.

నెలలో 15 రోజులు లేదా అంతకంటే ఎక్కువగా, మూడు నెలలకు మించి వస్తూ ఉంటే అది దీర్ఘకాలపు తలనొప్పి. అప్పుడు సొంత వైద్యం మాని డాక్టరుకు చూపించుకోవాలి.

2. మైగ్రేన్ (పార్శ్వపు నొప్పి)

మన పెద్దలు దీన్ని ఒంటి తలనొప్పి, పార్శ్వపు నొప్పి అన్నారు. తలలో సగభాగం నొస్తుంది కాబట్టి ఆ పేరు. కాని రెండు వైపులా వచ్చే మైగ్రేన్ కూడా ఉంది. గుండె కొట్టుకున్నట్లు తలలో దడదడ పోటు పొడుస్తుంది. వైద్యం చేయకపోతే 4 గంటల నుండి 72 గంటల వరకు ఉంటుంది. కడుపులో తిప్పుతుంది, వాంతులు అవుతాయి. వెలుతురు గిట్టదు, చప్పుడు గిట్టదు. కూర వాసన కూడా పడదు. లేచి నడిస్తే నొప్పి ఎక్కువవుతుంది. అందుకే ఈ రోగి తలుపులు వేసుకుని చీకటి గదిలో పడుకుంటుంది. "తల నొస్తున్నప్పుడు మీరు ఏం చేస్తారు?" అని మేము అడిగే ప్రశ్నకు ఇదే జవాబు వస్తే సగం నిర్ధారణ అయినట్లే.

మన ప్రాంతంలో చాలామంది దీన్ని "పైత్యం" అంటారు. "పైత్యం చేసింది సిస్టర్, పసరు వాంతి అయితేగాని తగ్గదు" అంటారు. "గ్యాస్ తలకెక్కింది" అనేవారూ ఉన్నారు. వారు చెప్పిన దానిలో ఒక నిజం ఉంది. మైగ్రేన్‌లో వాంతి అయిన తరువాత కొందరికి నొప్పి తగ్గుతుంది. కాని అసలు జబ్బు కడుపులో లేదు, తలలో ఉంది. మైగ్రేన్ వచ్చినప్పుడు కడుపు పని మందగిస్తుంది, అందువల్ల వాంతి వస్తుంది. కాబట్టి గొంతులో వేలు పెట్టి వాంతి చేసుకోవడం, ఏళ్ళ తరబడి గ్యాస్ మాత్రలు మింగడం వల్ల మైగ్రేన్ నయం కాదు.

కొందరికి నొప్పికి ముందు కళ్ళ ఎదుట మెరుపులు, వంకర టింకర గీతలు, నల్లని మచ్చ కనిపిస్తాయి. చేతిలో తిమ్మిరి మొదలై మెల్లగా మూతి వరకు పాకుతుంది. ఇది 5 నిమిషాల నుండి గంట వరకు ఉండి పోతుంది. ఇలాంటివి మొదటిసారి వచ్చినప్పుడు తప్పక డాక్టరుకు చూపించాలి. పక్షవాతం కూడా ఇలాగే మొదలు కావచ్చు కాబట్టి తేడా తేల్చుకోవాలి. మరొక ముఖ్యమైన సంగతి. ఇలాంటి ముందస్తు గుర్తులతో మైగ్రేన్ వచ్చే స్త్రీలు ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడితే పక్షవాతం వచ్చే అవకాశం పెరుగుతుంది. కుటుంబ నియంత్రణ కోసం వెళ్ళినప్పుడు ఈ విషయం డాక్టరుకు చెప్పండి.

మైగ్రేన్ కుటుంబాల్లో వస్తుంది. తల్లికి ఉంటే కూతురికి రావడం తరచు చూస్తాం. పెద్దవారిలో మగవారికంటే స్త్రీలకు రెండు, మూడు రెట్లు ఎక్కువ. నెలసరి సమయంలో ఎక్కువగా వస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు, ముఖ్యంగా నాలుగో నెల నుండి, చాలామందికి తగ్గుతుంది. ముట్లుడిగిన తరువాత అనేకమందికి నెమ్మదిస్తుంది.

మైగ్రేన్‌ను రేపే సంగతులు ఒక్కొక్కరికి ఒక్కో విధంగా ఉంటాయి. వేళకు తినకపోవడం, నిద్ర తగ్గడం, ఆదివారం నిద్ర ఎక్కువ కావడం కూడా, ఎండలో తిరగడం, పెళ్ళిళ్ళలో పెద్ద చప్పుళ్ళు, అగరొత్తులు, అత్తరు, పెట్రోలు వాసనలు, సారా, బ్రాందీ. తలంటు పోసుకుంటే తలనొప్పి వస్తుందని మన ఆడవాళ్ళు చెబుతుంటారు. ఇది ఉత్త మాట కాదు. ముంబయిలోని తలనొప్పి నిపుణులు డాక్టర్ కె. రవిశంకర్ 94 మంది భారతీయ రోగుల్లో తలస్నానంతో మైగ్రేన్ రావడం గమనించి 2006లో వైద్య పత్రికలో రాశారు. అటువంటివారు జుట్టును త్వరగా ఆరబెట్టుకోవడం మంచిది.

ఉపవాస ప్రార్థనలు, రాత్రి ప్రార్థనలు ఉన్న రోజుల తరువాత మైగ్రేన్ రోగులు ఎక్కువగా వస్తుంటారు. ఉపవాసం ఉండదలచినవారు నీళ్ళు మానకండి. ముందు రోజు బాగా నిద్రపోండి. లౌడు స్పీకరుకు దూరంగా కూర్చోండి. తరచు మైగ్రేన్ వచ్చేవారు, షుగరు ఉన్నవారు, గర్భిణులు డాక్టరు సలహా లేకుండా ఉపవాసం ఉండకండి.

వైద్యం రెండు విధాలు. నొప్పి వచ్చినప్పుడు వేసుకునేవి ఒకటి. నొప్పి మొదలైన వెంటనే వేసుకుంటేనే ఇవి బాగా పని చేస్తాయి. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, అవసరమైతే డాక్టరు రాసే సుమాట్రిప్టాన్ వంటివి ఈ కోవలోవి. గుండె జబ్బు ఉన్నవారు సుమాట్రిప్టాన్ వాడకూడదు. రెండవది, నెలలో చాలాసార్లు వచ్చేవారికి ముందు జాగ్రత్తగా రోజూ ఇచ్చే మందులు. ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్, ఫ్లూనరిజిన్, టోపిరమేట్ ఇటువంటివి. ఇవి పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది. పది రోజులు వాడి "తగ్గలేదు" అని మానేయకండి. ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి, ప్రొప్రనొలాల్ వారికి పడదు. పిల్లలు పుట్టే వయసులోని స్త్రీలు గర్భం గురించి ముందే చెప్పాలి. వాల్‌ప్రొయేట్, టోపిరమేట్ కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి.

3. క్లస్టర్ తలనొప్పి

ఇది అరుదు. కాని ఒకసారి చూసినవారు మరిచిపోరు. స్త్రీలకంటే మగవారిలో ఎక్కువ. ఒకే కంటి చుట్టూ, కణత దగ్గర కత్తితో పొడిచినట్లు భరించరాని నొప్పి వస్తుంది. అదే వైపు కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, ముక్కు కారుతుంది లేదా మూసుకుపోతుంది, కనురెప్ప వాలుతుంది. 15 నిమిషాల నుండి 3 గంటల వరకు ఉంటుంది. రోజుకు ఎనిమిది సార్ల వరకు రావచ్చు. చాలాసార్లు రాత్రి ఒకే వేళకు నిద్రలోనుండి లేపుతుంది. కొన్ని వారాలు వరుసగా వచ్చి, నెలల తరబడి కనిపించకుండా పోతుంది.

మైగ్రేన్ రోగి కదలకుండా పడుకుంటే, క్లస్టర్ రోగి ఒకచోట ఉండలేడు. అటూ ఇటూ తిరుగుతాడు, తల గోడకు కొట్టుకుంటాడు. పన్ను నొప్పి అనుకుని మంచి పళ్ళు పీకించుకున్నవారు కూడా ఉంటారు. ముఖానికి మాస్కు పెట్టి ఆక్సిజన్ ఎక్కువ మోతాదులో ఇస్తే చాలామందికి పావుగంటలో తగ్గుతుంది. ఆ వారాల్లో మద్యం చుక్క కూడా ముట్టకూడదు.

4. సైనస్, కళ్ళు, బి.పి. గురించి అపోహలు

"నాకు సైనస్ ఉంది" అని చెప్పేవారిలో చాలామందికి నిజానికి ఉన్నది మైగ్రేన్. మైగ్రేన్‌లో కూడా ముక్కు కారడం, బుగ్గల దగ్గర బరువు ఉంటాయి. అందుకే ఈ పొరపాటు. నిజమైన సైనస్ నొప్పి జలుబు తరువాత వస్తుంది. చిక్కటి పసుపు చీమిడి, జ్వరం, వాసన తెలియకపోవడం, వంగితే ముఖం బరువెక్కడం ఉంటాయి. జలుబు లేకుండా నెలకు రెండుసార్లు వచ్చే "సైనస్"ను అనుమానించండి.

కంటి చూపు తేడా వల్ల చదివినప్పుడు, టి.వి. చూసినప్పుడు నుదురు నొస్తుంది. పరీక్ష చేయించుకుని కళ్ళద్దాలు పెట్టుకుంటే తగ్గుతుంది. అయితే కన్ను ఎర్రబడి, తీవ్రంగా నొచ్చి, చూపు మసకబారి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తూ వాంతులైతే అది నీటికాసులు కావచ్చు. ఆ రోజే కంటి డాక్టరు చూడాలి. ఆలస్యమైతే చూపు పోతుంది.

ఇక బి.పి. తలనొప్పి లేదు కాబట్టి బి.పి. లేదనుకోవడం ప్రమాదం. మామూలు స్థాయిలో పెరిగిన బి.పి.కి చాలాసార్లు ఏ బాధా ఉండదు. 180/120 దాటినప్పుడు తలనొప్పి రావచ్చు. కాబట్టి తల నొచ్చిన రోజే బి.పి. మాత్ర వేసుకుని, నొప్పి తగ్గగానే మానేసేవారు తమకు తామే హాని చేసుకుంటున్నారు. బి.పి. మాత్ర రోజూ వేసుకోవలసిందే.

5. మాత్రల వల్ల వచ్చే తలనొప్పి

ఇది వినగానే ఎవరూ నమ్మరు. తలనొప్పి మాత్రలే తలనొప్పి తెస్తాయి. మూడు నెలలకు పైగా పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు నెలలో 15 రోజులు లేదా అంతకు మించి వాడేవారికి, రెండు మూడు మందులు కలిపిన మాత్రలు, ఎర్గోటమిన్, ట్రిప్టాన్లు నెలలో 10 రోజులు లేదా అంతకు మించి వాడేవారికి ఇది వస్తుంది. పొద్దున్న లేవగానే తల నొస్తుంది. మాత్ర వేస్తే కాసేపు తగ్గుతుంది. మళ్ళీ వస్తుంది. మళ్ళీ మాత్ర. చివరికి పర్సులో, దిండు కింద, కొంగు ముడిలో మాత్రల స్ట్రిప్పు లేకుండా ఉండలేని పరిస్థితి వస్తుంది.

మూల కారణం చాలాసార్లు మైగ్రేనే. దానికి సరైన వైద్యం జరగక, కిరాణా కొట్టులో, మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కోవడం వల్ల ఇలా ముదురుతుంది. ఈ మాత్రలు ఎక్కువైతే కడుపులో పుండ్లు, కిడ్నీల దెబ్బ కూడా తప్పవు. పారాసిటమాల్ మంచి మందే, కాని పెద్దవారు 24 గంటల్లో 4 గ్రాములు, అంటే 500 మి.గ్రా. మాత్రలు ఎనిమిది, ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు. మద్యం తాగేవారికి, బలహీనంగా ఉన్నవారికి అంతకంటే తక్కువే.

దీనికి వైద్యం ఆ మాత్రలు మానడమే. మానిన మొదటి కొద్ది రోజులు నొప్పి పెరుగుతుంది, ఓర్చుకోవాలి. డాక్టరు ముందు జాగ్రత్త మందు ఇస్తారు. ఇంట్లోవారు ఆ రోజుల్లో విసుక్కోకుండా తోడుగా ఉంటే రోగి గట్టెక్కుతుంది. ట్రామడాల్ వంటి మందులకు, నిద్ర మాత్రలకు అలవాటు పడినవారు మాత్రం ఒక్కసారిగా మానకూడదు. డాక్టరు పర్యవేక్షణలోనే తగ్గించుకోవాలి.

6. గర్భిణులు, బాలింతలు: ఈ భాగం ఇంట్లో అత్తగారికి, అమ్మగారికి చదివి వినిపించండి

గర్భం 20 వారాలు దాటిన తరువాత వచ్చే తలనొప్పిని ఎప్పుడూ తేలికగా తీసుకోకండి. బి.పి. 140/90 గాని అంతకంటే ఎక్కువ గాని ఉండి, తలనొప్పి, కళ్ళు మసకబారడం, మెరుపులు కనిపించడం, పైకడుపులో నొప్పి, ముఖం, చేతులు ఉబ్బడం ఉంటే అది గుర్రపువాతానికి ముందు దశ. తరువాత వచ్చేవి ఫిట్సు. ఫిట్సు వస్తే తల్లికి, బిడ్డకు ఇద్దరికీ ప్రాణాపాయం. వేళకు వస్తే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్లతో, బి.పి. మందులతో కాపాడగలం. "నీరు పట్టింది, కానుపైతే అదే పోతుంది" అని ఇంట్లో ఉంచకండి. కానుపు తరువాత ఆరు వారాల వరకు కూడా ఇది రావచ్చు.

సిజేరియన్ కోసం నడుముకు మత్తు ఇచ్చిన కొందరికి మొదటి అయిదు రోజుల్లో ఒక రకం తలనొప్పి వస్తుంది. కూర్చుంటే, నిలబడితే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. చాలాసార్లు కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది, వైద్యం కూడా ఉంది. అయినా తప్పక ఆసుపత్రిలో చెప్పండి.

మూడవది మరీ ముఖ్యమైనది. బాలింతకు మంచినీళ్ళు ఇస్తే పొట్ట పెరుగుతుందని, బిడ్డకు జలుబు చేస్తుందని దాహమైనా గుక్కెడు నీళ్ళతో సరిపెట్టే అలవాటు మన ఇళ్ళలో ఇంకా ఉంది. కానుపు తరువాత కొన్ని వారాల పాటు స్త్రీ రక్తం త్వరగా గడ్డకట్టే స్థితిలో ఉంటుంది. దానికి తోడు ఒంట్లో నీరు తగ్గితే మెదడులోని సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ముందు తలనొప్పితో మొదలై రోజురోజుకూ పెరుగుతుంది. తరువాత వాంతులు, చూపు మసక, ఫిట్సు, ఒక చేయి కాలు పడిపోవడం, మాట తడబడడం. దీన్నే కొన్ని ఇళ్ళలో "బాలింత సన్ని" అనుకుని తాయెత్తులు కట్టి రోజులు గడుపుతారు. ఇది సన్ని కాదు, దిష్టి కాదు. స్కాన్ తీసి రక్తం పలచబడే మందులు ఇస్తే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. ఆలస్యమైతే పసిబిడ్డ తల్లి లేనిదవుతుంది.

కాబట్టి బాలింతకు దాహం తీరేంత కాచి చల్లార్చిన నీళ్ళు ఇవ్వండి. పాలు కూడా బాగా పడతాయి. మూసిన గదిలో కుంపటి పెట్టకండి. బొగ్గుల నుండి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు. అది కూడా తలనొప్పితోనే మొదలై ప్రాణం తీస్తుంది. ఒకే గదిలో పడుకున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు వస్తే వెంటనే తలుపులు తెరిచి అందరినీ బయటకు తీసుకురండి.

7. వెంటనే ఆసుపత్రికి రావలసిన గుర్తులు

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంట్లో మాత్ర వేసి చూద్దామని ఆగకండి. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

- పిడుగు పడినట్లు ఒక్కసారిగా వచ్చి, నిమిషంలోపే విపరీతమైన తలనొప్పి. "జన్మలో ఇలాంటిది రాలేదు" అంటే అది మెదడు పొరల కింద రక్తస్రావం కావచ్చు.
- తలనొప్పితో పాటు జ్వరం, మెడ బిగుసుకుపోవడం, మగత. ఇది మెదడు పొరల వాపు కావచ్చు. క్షయ వల్ల వచ్చే వాపు రెండు మూడు వారాల పాటు నెమ్మదిగా ముదురుతుంది. సన్న జ్వరం, తలనొప్పి, నీరసం, చిరాకుతో మొదలవుతుంది. టైఫాయిడ్ అనుకుని కాలయాపన చేయకండి.
- మూతి వంకర పోవడం, చేయి లేదా కాలు పడిపోవడం, మాట తడబడడం, చూపు పోవడం.
- ఫిట్సు రావడం, స్పృహ తప్పడం, పొంతన లేని మాటలు.
- తలకు దెబ్బ తగిలిన తరువాత పెరుగుతున్న తలనొప్పి, వాంతులు, మత్తు. వృద్ధుల్లో చిన్నగా జారి పడినా కొన్ని వారాల తరువాత తల లోపల రక్తం పేరుకోవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవారికి మరీ ప్రమాదం.
- 50 ఏళ్ళు దాటిన తరువాత మొదటిసారి మొదలైన తలనొప్పి. కణత ముట్టుకుంటే నొప్పి, నమిలితే దవడ నొప్పి ఉంటే చూపుకు ప్రమాదం.
- వారాల తరబడి పెరుగుతూ, తెల్లవారుజామున నిద్ర లేపి, వాంతులతో వచ్చే తలనొప్పి. దగ్గినా, ముక్కినా పెరిగే తలనొప్పి.
- క్యాన్సర్, హెచ్.ఐ.వి. ఉన్నవారికి కొత్తగా వచ్చిన తలనొప్పి.
- పురుగుమందు కొట్టిన తరువాత తలనొప్పి, చెమటలు, చొంగ, వాంతులు, కంటిపాప చిన్నది కావడం. బట్టలు విప్పి, ఒళ్ళు సబ్బుతో కడిగి, మందు డబ్బాతో సహా తీసుకురండి.
- ఎండలో పని చేసినవారికి తలనొప్పితో పాటు ఒళ్ళు కాలిపోవడం, తికమక. ఇది వడదెబ్బ.

వానాకాలంలో జ్వరంతో పాటు కళ్ళ వెనుక నొప్పి ఉంటే డెంగ్యూ కావచ్చు. రక్త పరీక్ష అయ్యేవరకు పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వాడకండి. రక్తస్రావం పెరుగుతుంది.

8. పిల్లల తలనొప్పి

పిల్లలు తల నొస్తుందంటే బడి ఎగ్గొట్టడానికని కొట్టిపారేయకండి. పిల్లలకూ మైగ్రేన్ వస్తుంది. వారిలో తరచు రెండు వైపులా, నుదుటి మీద వస్తుంది. రెండు గంటల్లోనే పోవచ్చు. పిల్ల ఆట మానేసి, పాలిపోయి, చీకట్లో పడుకుని, నిద్రపోయి లేచాక మామూలుగా ఆడుకుంటే మైగ్రేన్ అనుకోవచ్చు. టిఫిన్ తినకుండా బడికి పంపడం, నీళ్ళు తాగకపోవడం, రాత్రి పొద్దుపోయేవరకు ఫోను చూడడం సామాన్య కారణాలు. కంటి పరీక్ష చేయించండి. 16 ఏళ్ళలోపు వారికి ఆస్పిరిన్ ఇవ్వకండి. అయిదేళ్ళలోపు పిల్లవాడు తల నొస్తుందంటే, నడక తూలితే, మెల్ల కన్ను కొత్తగా వస్తే, పొద్దున్నే వాంతులైతే వెంటనే చూపించండి. ఫిట్సు, తలనొప్పి కలిసి వచ్చిన పిల్లల్లో బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో ఏర్పడే తిత్తులు కూడా చూస్తుంటాం. పచ్చి కూరగాయలు బాగా కడగడం, మరుగుదొడ్డి వాడడం, చేతులు కడుక్కోవడం దీనికి నివారణ.

9. డాక్టరుకు ఏం చెప్పాలి?

తలనొప్పికి రక్త పరీక్ష కంటే, స్కాన్ కంటే మీరు చెప్పే వివరమే విలువైనది. మైగ్రేన్, టెన్షన్ తలనొప్పుల్లో స్కాన్ మామూలుగానే ఉంటుంది. పరీక్షించిన తరువాత డాక్టరు అవసరం లేదంటే స్కాన్ కోసం పట్టుపట్టి డబ్బు పోగొట్టుకోకండి. అవసరమన్నప్పుడు వాయిదా వేయకండి.

ఒక పాత నోటు పుస్తకం తీసుకుని నెల రోజులు ఇవి రాయండి. తేదీ, మొదలైన వేళ, తగ్గిన వేళ. తలలో ఏ భాగం. పోటా, బరువా, పొడిచినట్లా. వాంతి అయిందా. వెలుతురు గిట్టిందా లేదా. ఆ రోజు ఏ పూట తినలేదు, ఎంత నిద్రపోయారు. స్త్రీలైతే నెలసరి ఎప్పుడు. ఏ మాత్ర, ఎన్ని వేసుకున్నారు. చదువు రానివారికి ఇంట్లో పిల్లలు రాసి పెట్టవచ్చు. వచ్చేటప్పుడు వాడుతున్న అన్ని మందుల స్ట్రిప్పులు, పాత చీటీలు తీసుకురండి. "తెల్ల మాత్ర, ఎర్ర మాత్ర" అంటే మాకు తెలియదు.

10. ఇంట్లో పాటించవలసినవి

రోజూ ఒకే వేళకు పడుకుని ఒకే వేళకు లేవండి. ఉదయం టిఫిన్ మానకండి. ఎండాకాలంలో నీళ్ళు, మజ్జిగ ఎక్కువగా తాగండి. కాఫీ, టీ రోజుకు రెండు కప్పులకు మించనివ్వకండి. బాగా అలవాటున్నవారు ఒక్కసారిగా మానినా తలనొప్పి వస్తుంది కాబట్టి మెల్లగా తగ్గించండి. ఎండలోకి వెళ్తే గొడుగో తలగుడ్డో ఉండాలి. రోజూ అరగంట నడవండి. గంటకొకసారి పని ఆపి మెడను అటూ ఇటూ తిప్పండి. మద్యం, పొగాకు మానండి.

శొంఠి పట్టు, తలకు గుడ్డ కట్టుకోవడం వంటివి పెద్దలు చెప్పిన పద్ధతులు. ఉపశమనం ఇస్తే చేసుకోండి. శొంఠి ఎక్కువసేపు ఉంచితే చర్మం మండుతుంది, కణతల మీద వాతలు మాత్రం పెట్టకండి.

చివరిగా ఇంట్లోవారికి ఒక మాట. తలనొప్పి పైకి కనిపించదు. కట్టు ఉండదు, జ్వరం ఉండదు. అందుకే "పని తప్పించుకోవడానికి నాటకం" అని కోడళ్ళను, పిల్లలను మాటలనడం వింటుంటాం. మైగ్రేన్ వచ్చిన మనిషికి కావలసింది చీకటి గది, నిశ్శబ్దం, గ్లాసు నీళ్ళు, వేళకు మాత్ర. ఆ ఒక్క పూట వంట ఇంకొకరు చేస్తే ఆమె తొందరగా లేచి తిరుగుతుంది. పైన 7వ భాగంలో ఇచ్చిన గుర్తులను కత్తిరించి వంటింటి గోడకు అంటించుకోండి. అర్ధరాత్రి అవసరమైతే పుస్తకం వెదకవలసిన పని ఉండదు.